తేదీ చెప్పండి: ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలకు ఒక ఆటగాడి అక్క లేఖ

బెంగళూరు, 2025 డిసెంబర్ చివరి వారం

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులు కల్యాణ్ చౌబే గారికి, కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

నేను బెంగళూరు దూరవాణినగర్‌లో ఉంటాను. ఒక ప్రైవేట్ కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. మా తమ్ముడు ఫుట్‌బాల్ ఆటగాడు. లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాపు కాసేవాడు. వయసు ఇరవై ఏడు. దేశంలో రెండో అంచె లీగ్ అయిన ఐ-లీగ్‌లో ఆడతాడు. వాడి పేరు గానీ, ఆడిన క్లబ్బుల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు. రాస్తే రేపు వాణ్ణి ఎవరూ తీసుకోరేమోనని అమ్మ భయం. ఆ భయాన్ని కూడా ఈ ఉత్తరంలో ఒక మాటగా చదువుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు రోజూ వినిపించే ప్రశ్న ఒక్కటే, లీగ్ ఎప్పుడని. పొద్దున ఎనిమిదిన్నరకు వాడు ప్రాక్టీస్ నుంచి వస్తాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ, తల ఎత్తకుండా అడుగుతాడు. "అక్కా, డేట్ ఏమైనా వచ్చిందా?" నేను ఫోన్ చూసి "ఇంకా లేదురా" అంటాను. వినాయక చవితికి ఇదే మాట. దసరాకు ఇదే మాట. దీపావళి పోయింది, కార్తీకమాసం పోయింది, ఇప్పుడు ధనుర్మాసం ముగ్గులు వేస్తున్నాం. మాట మాత్రం మారలేదు.

కిందటి సీజన్ 2024 నవంబర్ 22న మొదలైంది. ఆ రోజు హైదరాబాద్ దక్కన్ అరీనాలో శ్రీనిధి డెక్కన్ మీద గోకులం కేరళ 3-2తో గెలిచింది. ఈ ఏడాది ఆ తేదీ దాటి నెల గడిచింది. సీజన్ మొదలుకాలేదు. ఎప్పుడు మొదలవుతుందో మీరు చెప్పలేదు.

ఎందుకు ఇలా అయిందో పేపర్లో చదువుతూనే ఉన్నాం. 2010లో వాణిజ్య హక్కుల కోసం చేసుకున్న పదిహేనేళ్ళ ఒప్పందం ఈ డిసెంబర్ 8తో అయిపోయింది. అది అయిపోతుందని పదిహేనేళ్ళ ముందే అందరికీ తెలుసు. జూలైలోనే ఇండియన్ సూపర్ లీగ్‌ని ఆపేశారు. నవంబర్‌లో కొత్త టెండర్‌కు ఒక్క బిడ్ కూడా రాలేదు. ఇదంతా పై అంచె లీగ్ గొడవ. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు, కింది అంచెలో ఆడేవాళ్ళ సీజన్ కూడా దానితోపాటే ఆగిపోయింది.

నవంబర్‌లో పై లీగ్ ఆటగాళ్ళు కలిసి, మేం ఆడాలనుకుంటున్నాం, ఆడించండి అని ప్రకటన ఇచ్చారు. సికింద్రాబాద్‌లో పుట్టి, మా బెంగళూరు తరఫున ఆడుతున్న సునీల్ ఛెత్రి గారు కూడా అందులో ఉన్నారు. ఆయన మాట్లాడితే దేశం వింటుంది, వినాలి కూడా. కానీ రెండో అంచెలో ఛెత్రి లాంటివాళ్ళు లేరు. మా తమ్ముడు మాట్లాడితే మా వీధి చివర టీ కొట్టు వరకే వినబడుతుంది. అందుకే ఈ ఉత్తరం నేను రాస్తున్నాను.

తేదీ లేకపోతే ఏమవుతుందో ముందు చెప్పాలి. ఆటగాడి ఒళ్ళు తేదీని బట్టి తయారవుతుంది. మొదటి మ్యాచ్ ఫలానా రోజు అని తెలిస్తే అక్కడి నుంచి వెనక్కి ఆరేడు వారాలు లెక్కపెట్టుకుంటారు. మొదట పరుగు, ఊపిరి. తరవాత బరువులు. ఆ తరవాత బంతితో పని, చివరగా ప్రాక్టీస్ మ్యాచ్‌లు. తొలి మ్యాచ్ రోజుకు కాళ్ళు సరిగ్గా సిద్ధంగా ఉండాలి, అంతకు ముందూ కాదు, తరవాతా కాదు. మా వాడు జూలై నుంచి ఇప్పటికి మూడుసార్లు మొదటి వారం నుంచి మొదలుపెట్టాడు. ఒక్కడే. ఫలానా నెలలో ఉండొచ్చని ఎవరో అంటారు, వీడు మొదలుపెడతాడు, ఆ నెల పోతుంది. అక్టోబర్‌లో హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, పట్టేసింది. క్లబ్బు ఉంటే ఫిజియో చూసేవాడు. ఇప్పుడు అమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టింది, నేను డబ్బు కట్టి మూడు వారాలు ఫిజియోథెరపీకి పంపాను.

వాడి పాత కాంట్రాక్ట్ మే 31తో అయిపోయింది. కొత్తది మాట్లాడుకున్నారు, కానీ సంతకం కాలేదు. క్లబ్ మేనేజర్ మర్యాదస్తుడే. "లీగ్ ఎప్పుడో తెలియకుండా జీతం ఎప్పటి నుంచి రాయమంటావు తమ్ముడూ?" అన్నాడట. ఆయన్ని తప్పు పట్టలేను. నేనూ జీతాల లెక్కలు చూసేదాన్నే. చేరిన తేదీ లేకుండా ఏ మనిషి పేరూ జీతాల పట్టీలో ఎక్కదు.

సాయంత్రాలు హొరమావులో ఒక టర్ఫ్‌లో పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాడు. రాత్రి తొమ్మిది తరవాత అదే టర్ఫ్‌ని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు గంటకు ఇంత అని అద్దెకు తీసుకుని ఆడతారు. వాళ్ళకు ఒక మనిషి తక్కువైతే వీణ్ణి పిలుస్తారు. వీడు వెళ్తాడు, నెమ్మదిగా ఆడతాడు, ఎవరికీ దెబ్బ తగలకుండా. దేశంలోని రెండో పెద్ద లీగ్‌లో ఆడిన కుర్రాడు బరువు తగ్గడానికి వచ్చినవాళ్ళ మధ్య కాళ్ళు కదుపుకుంటున్నాడు. ఆ పిల్లలంటే వాడికి ప్రేమే, ఆ పని తక్కువదని నేను అనను. కానీ లెఫ్ట్ బ్యాక్‌కు ఇరవై ఏడో ఏడు మళ్ళీ రాదు.

ఇప్పుడు మలప్పురం నుంచి ఫోన్లు వస్తున్నాయి. కేరళ సెవెన్స్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. జట్టుకు ఏడుగురు, చిన్న మైదానం, చుట్టూ కొయ్యలతో కట్టిన గ్యాలరీలు, రాత్రి ఫ్లడ్ లైట్లు, కిక్కిరిసిన జనం. ఆఫ్రికా నుంచి కూడా ఆటగాళ్ళు వచ్చి ఆడతారు. మ్యాచ్‌కు ఇంత అని అదే రాత్రి డబ్బు చేతిలో పెడతారు. ఆ జనం ఆట మీద పెట్టుకున్న ప్రాణం చూస్తే కళ్ళు చెమరుస్తాయి. కానీ అది వేరే ఆట. గట్టి నేల, వరసగా రాత్రి మీద రాత్రి మ్యాచ్‌లు, మోకాలికి ఏమైనా అయితే ఎవరి బాధ్యతా లేదు. క్లబ్బుకు సంతకం చేసినవాడు అక్కడ కనిపిస్తే గొడవ. మా వాడు సంతకం చేయలేదు కాబట్టి వెళ్ళొచ్చు. వెళ్తే మాత్రం, లీగ్ తేదీ వచ్చేసరికి వాడి మోకాళ్ళు ఎలా ఉంటాయో? వెళ్ళకుండా కూర్చుంటే ఆ తేదీ ఎప్పటికో? రాత్రి భోజనాల దగ్గర మేం ముగ్గురం చేసే లెక్క ఇదే.

మా నాన్న కుప్పం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఐటీఐ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరారు. టెలిఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. మా కాలనీకి దూరవాణినగర్ అన్న పేరు అందుకే వచ్చింది. ఆ రోజుల్లో బెంగళూరులో ఐటీఐ, హెచ్ఏఎల్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలకు సొంత ఫుట్‌బాల్ జట్లు ఉండేవి. ఐటీఐ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ దాకా వెళ్ళింది. ఆడేవాళ్ళు మా నాన్నతోపాటే పంచ్ కార్డు కొట్టి, మధ్యాహ్నం గ్రౌండ్‌కు వెళ్ళేవారు. మ్యాచ్ ఉన్నా లేకపోయినా, వానపడి లీగ్ వాయిదా పడినా, ఒకటో తారీఖుకు జీతం వచ్చేది. కాలు విరిగితే ఫ్యాక్టరీ ఆస్పత్రి ఉండేది. ఆట ఆపేసిన తరవాత రిటైర్ అయ్యేదాకా ఉద్యోగం ఉండేది. ఆ ఆటగాళ్ళకు సీజన్ తేదీతో పని ఉండేది కాదు. వాళ్ళ తేదీ ఫ్యాక్టరీ క్యాలెండర్‌లో ఉండేది.

ఆ ఉద్యోగాలు తగ్గిపోయాయి. ఆట ప్రొఫెషనల్ కావాలన్నారు, అయింది, మంచిదే. కానీ ఉద్యోగం భద్రత పోయినచోట దానికి బదులుగా ఆటగాడికి ఇచ్చింది సీజన్ ఒక్కటే. ఎనిమిది తొమ్మిది నెలల కాంట్రాక్ట్, ఇరవై పైచిలుకు మ్యాచ్‌లు. దాని మీదే ఇంటి అద్దె, చెల్లెళ్ళ చదువులు, పెళ్ళి మాటలు. ఆ ఒక్కటీ లేకుండా చేస్తే వాడికి మిగిలేది ఏమిటి? మొన్న మదనపల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. పెద్దాయన చాలా మర్యాదగా, "అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నాడమ్మా?" అని అడిగారు. అమ్మ "లీగ్ మొదలైతే ఆడతాడండీ" అంది. "ఎప్పుడు మొదలవుతుందంట?" అన్నారాయన. అమ్మ నా వైపు చూసింది.

నాన్న మమ్మల్ని అశోక్‌నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంకు తీసుకువెళ్ళేవారు. 2013-14లో బెంగళూరు ఎఫ్‌సీ మొదటి ఏడాదే ఐ-లీగ్ గెలిచింది, ఆ సీజన్‌లో ఆ గ్యాలరీలోనే మేమూ అరిచాం. అప్పుడు అదే దేశపు మొదటి లీగ్. 2022-23 నుంచి రెండో అంచె అయింది. అది అవమానమని నేను అనుకోవడం లేదు. మెట్లున్న చోట రెండో మెట్టు ఉండాల్సిందే. గెలిచినవాళ్ళు పైకి వెళ్తారని మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు కూడా. మొదటి ఏడాది పంజాబ్ ఎఫ్‌సీ వెళ్ళింది, మరుసటి ఏడాది కోల్‌కతా మహమ్మడన్ స్పోర్టింగ్ వెళ్ళింది. ఆ రెండేళ్ళూ రెండో స్థానంలో ఆగిపోయింది మన శ్రీనిధి డెక్కన్. హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకు ఆ రెండుసార్లూ ఏడ్చాడు. అయినా అది న్యాయమైన ఏడుపు. మైదానంలో ఓడిపోయి ఏడవడం ఆటలో భాగం.

కిందటి సీజన్ ముగింపు అలా లేదు. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది కూడా తేదీల కథే.

2025 ఏప్రిల్ 6. చివరి రోజు. నాలుగు జట్లకు టైటిల్ ఆశ మిగిలి ఉంది. చర్చిల్ బ్రదర్స్, గోకులం కేరళ, రియల్ కశ్మీర్, ఇంటర్ కాశీ. నేనూ తమ్ముడూ రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాం. శ్రీనగర్‌లో చర్చిల్, రియల్ కశ్మీర్ 1-1. కోళికోడ్‌లో గోకులం తరఫున థాబిసో బ్రౌన్ హ్యాట్రిక్ కొట్టాడు, అయినా డెంపో మీద 3-4తో ఓడిపోయింది. ఇంటర్ కాశీ తన మ్యాచ్ గెలిచింది. ఇరవై రెండు మ్యాచ్‌లు ఆడిన తరవాత, చివరి సాయంత్రం దాకా ఎవరిదో చెప్పలేని లీగ్ మన దేశంలో ఎన్నిసార్లు చూశాం? మా తమ్ముడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, వాడి జట్టు ఆ నాలుగింటిలో లేకపోయినా. ఆ రోజు ఈ లీగ్ అందం దేశమంతా చూసి ఉండాల్సింది.

కానీ ఆ రాత్రి విజేత లేడు. చర్చిల్‌కు 40 పాయింట్లు, ఇంటర్ కాశీకి 39. జనవరి 13న నామ్‌ధారి జట్టు ఇంటర్ కాశీ మీద 2-0తో గెలిచిన మ్యాచ్ మీద తగువు ఇంకా తేలలేదు. ఎల్లో కార్డుల వల్ల ఆ మ్యాచ్ ఆడకూడని ఆటగాణ్ణి నామ్‌ధారి దించిందని ఫిర్యాదు. క్రమశిక్షణ కమిటీ ఇంటర్ కాశీకి అనుకూలంగా చెప్పింది, అప్పీలు కమిటీ దాన్ని తిప్పేసింది. ఏప్రిల్‌లో చర్చిల్ విజేత అన్నారు. విషయం స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్ళింది. అక్కడ ఒకటి కాదు, రెండు కేసులు నడిచాయి. చివరికి జూలై 18న ఇంటర్ కాశీయే విజేత అని తేలింది.

జనవరి 13 నుంచి జూలై 18. నూట ఎనభై ఆరు రోజులు. చివరి విజిల్ నుంచి లెక్కపెట్టినా నూట మూడు రోజులు. ఒక ఆటగాడికి ఎన్ని ఎల్లో కార్డులు ఉన్నాయన్నది రిఫరీ రిపోర్టులో ఉండే విషయం. ఎవరిది న్యాయమన్నది న్యాయస్థానం చెప్పింది, దాని మీద నేను మాట్లాడను. నేను అడిగేది కాలం గురించి. ఆ నూట మూడు రోజులు రెండు క్లబ్బుల ఆటగాళ్ళూ వచ్చే ఏడు ఏ అంచెలో ఆడతారో తెలియకుండా బతికారు. గోవాలో సంబరం చేసుకున్న చర్చిల్ కుర్రాళ్ళకు ఆ సంబరం తమది కాదని వేసవి దాటాక తెలిసింది. కాశీ కుర్రాళ్ళు మైదానంలో ఎగిరి గంతెయ్యాల్సిన క్షణాన్ని జూలైలో ఫోన్‌లో చదువుకున్నారు. మీ అధ్యక్షులు స్వయంగా గోల్‌కీపర్‌గా ఆడినవారు. పెనాల్టీ కొట్టబోయేవాడు ఆగి ఆగి పరిగెత్తితే గీత మీద నిలబడ్డవాడి గుండె ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అలాంటి నిలబాటు నూట మూడు రోజులంటే ఎలా ఉంటుందో ఆయనే ఊహించగలరు.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. ఎస్‌సీ బెంగళూరు మూడో అంచె గెలిచి ఐ-లీగ్‌లోకి వచ్చింది. నేను ఆ ఏడాది మూడు మ్యాచ్‌లకు వెళ్ళాను. ఎదురుగా గరుడా మాల్‌లో ఆదివారపు జాతర, ఇటువైపు గ్యాలరీలో కొద్దిమందిమి. ఆస్టిన్ టౌన్ నుంచి, గౌతంపుర నుంచి వచ్చిన ముసలివాళ్ళు తమిళంలో, ఉర్దూలో, కన్నడంలో, నా పక్కన ఒకాయన మా చిత్తూరు యాసలో రిఫరీని మందలిస్తున్నారు. ఆ ఒక్క ఏడాది తరవాత జట్టు మళ్ళీ కిందికి దిగిపోయింది. బాధపడ్డాం, ఒప్పుకున్నాం. పాయింట్లు రాలేదు, దిగాం. అయితే పై అంచెలో మాత్రం దిగడం అన్న నియమం ఇప్పటికీ అమలు కాలేదు. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమోదించిన ప్రణాళికలో 2024-25 నుంచి పైకీ కిందికీ రాకపోకలు ఉండాలని రాసుకున్నారు. ఆ తేదీ కూడా దాటిపోయింది.

తెలుగు నేల సంగతి మరీ కష్టంగా ఉంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి హైదరాబాద్ అది. ఆయన శిక్షణలో మన దేశం 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. అక్కడి హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి, డబ్బు కష్టాల్లో పడి, ఈ ఏడాది ఢిల్లీకి తరలిపోయింది. పై రెండు అంచెల్లో ఇప్పుడు తెలుగువాళ్ళకు మిగిలింది శ్రీనిధి ఒక్కటే. అంటే అనంతపురంలోనో, విశాఖలోనో ఇవాళ బంతి తన్నే పిల్లవాడికి సొంత ఊళ్ళ దగ్గర కనిపించే తలుపు రెండో అంచెదే. అది ఎప్పుడు తెరుస్తారో చెప్పకపోతే ఆ పిల్లవాడి నాన్న కోచింగ్ ఫీజు ఎందుకు కడతాడు?

నేను పెద్ద కోరికలు కోరడం లేదు. ప్రైజ్‌మనీ పెంచమనడం లేదు, పెద్ద స్టేడియంలు కట్టమనడం లేదు. ఏటా కాంట్రాక్టులు ముగిసే మే 31 లోపు తరవాతి సీజన్ మొదటి రోజు, చివరి రోజు ప్రకటించండి. ప్రసార హక్కులు తేలాయా లేదా అన్నదానికి దాన్ని ముడిపెట్టకండి. టీవీ లేకపోతే లేకపోనివ్వండి, మైదానంలో రెండు గోల్‌పోస్టులు, ఒక రిఫరీ ఉంటే లీగ్ మొదలవుతుంది. మీ దగ్గర డబ్బు తక్కువైతే ప్రయాణాలు తగ్గించండి, జట్లను రెండు మూడు ఊళ్ళలో కూర్చోబెట్టి ఆడించండి. ఆటగాళ్ళెవరూ కాదనరు, మా వాడైతే రైల్లో జనరల్ బోగీలోనైనా వస్తానంటున్నాడు.

మ్యాచ్‌ల మీద ఫిర్యాదులు తేల్చడానికి కూడా ఒక గడువు పెట్టండి. పదిహేను రోజులు ఫిర్యాదుకు, పదిహేను రోజులు అప్పీలుకు. చివరి రౌండ్ ఆడే ముందు తేలని తగువు ఒక్కటి కూడా ఉండకూడదు. కమిటీలో కూర్చునేవాళ్ళు సీజన్ ఉన్నన్నాళ్ళూ అందుబాటులో ఉండాలి. రిఫరీకి తొంభై నిమిషాల్లో నిర్ణయం చెప్పమంటున్నాం, తోడుగా ఫోర్త్ అఫీషియల్ లేని గ్రౌండ్‌లో కూడా. కమిటీకి నెల చాలదా?

జీతాల మాట ఒకటి. మా తమ్ముడికి ఇంతకుముందు ఆడిన ఒక క్లబ్ రెండు నెలల జీతం ఇవ్వలేదు. ఫిర్యాదు చేయొచ్చని తెలుసు. చేస్తే గొడవలమారి అన్న పేరు వస్తుందని ఊరుకున్నాడు. లీగ్‌లోకి వచ్చే ప్రతి క్లబ్ నుంచి మూడు నెలల జీతాలకు సరిపడా బ్యాంక్ గ్యారంటీ మీరే ముందుగా తీసుకోండి. అప్పుడు ఏ కుర్రాడూ నోరు విప్పాల్సిన అవసరం ఉండదు. నేను పని చేసే చిన్న కంపెనీ కూడా కాంట్రాక్టర్ల దగ్గర ఇలాంటి డిపాజిట్ తీసుకుంటుంది.

ఇవన్నీ ఒకేసారి కావని నాకు తెలుసు. గ్యారంటీకి నియమాలు రాయాలి, కమిటీలకు మనుషులు కావాలి. వాటికి ఏడాది తీసుకోండి. తేదీకి మాత్రం ఏడాది అక్కర్లేదు. ఒక సమావేశం చాలు.

మలప్పురం నుంచి ఆ టీం మేనేజర్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఆదివారం లోపు చెప్పమన్నాడు, సోమవారం రాత్రి మొదటి మ్యాచ్ అట. తమ్ముడు ఇంకా ఔననలేదు. సంచి మాత్రం సర్ది మంచం కింద పెట్టుకున్నాడు. సెవెన్స్‌కు పొట్టి స్టడ్స్ ఉన్న బూట్లు కావాలి. లీగ్‌కు ఆడే బూట్లు వేరు, వాటిని నూనె గుడ్డతో తుడిచి అటక మీద పెట్టబోతుంటే అమ్మ ఆపింది. "ఆదివారం దాకా కిందే ఉంచరా" అంది.

ఇట్లు,
ఒక లెఫ్ట్ బ్యాక్ అక్క
దూరవాణినగర్, బెంగళూరు